గొట్టం ఉన్న రోజుల్లో నా చెవి దగ్గరున్న ప్లేయర్

ఇది రాయాలని రెండేళ్ళ నుంచీ అనుకుంటున్నా, కూర్చున్నప్పుడల్లా చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు తల్చుకుంటే దడ రావట్లేదు కాబట్టి రాసేస్తున్నా. పోయిన నెల మా స్కూల్లో పనిచేసే ఒకమ్మాయి వాళ్ళమ్మగారిని ఐసీయూలో పెట్టారు, నాకొచ్చిన జబ్బే, జీబీఎస్ అనే నరాల జబ్బు. ఆ అమ్మాయి ఫోన్ చేసి డాక్టర్ల గురించి ఏమీ అడగలేదు, "మేడం, మీకు లోపల పాటలు పెట్టారంట కదా, మా అమ్మకి ఏది కొనమంటారు" అంది. అరగంట చెప్పా. చెప్పి పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చా.

2023 ఆగస్టు. నాకప్పుడు 46. తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్తాను. ముందు విరేచనాలు పట్టుకున్నాయి, మూడు రోజులకి తగ్గాయి, అందరం మర్చిపోయాం కూడా. పది రోజుల తర్వాత అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. మర్నాటికి నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, జారిన సంగతి కూడా తెలియట్లేదు. దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికెళ్తే కూర్చోబెట్టి చూడనన్నా చూడలేదు, "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా, టెన్షన్ పడతారు, కాల్షియం వాడండి" అని బి కాంప్లెక్స్ రాసి పంపించేశాడు. ఆ చీటీ ఇంకా నా బీరువాలో ఉంది. ఆ మాట నమ్మి రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాం, ఆ రెండు రోజులు నాకెవరిస్తారు? మూడో రోజు బాత్రూంలో కూలబడ్డా, మా ఆయన రెక్క పట్టుకుని లేపితే కాళ్ళు గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి.

విజయవాడ తీసుకెళ్ళారు. అక్కడ న్యూరాలజీ డాక్టర్‌గారు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టారు, కాలు ఎగరలేదు. మోచేతి దగ్గర కొట్టారు, అక్కడా లేదు. "ఈమధ్య విరేచనాలు గానీ జ్వరం గానీ వచ్చాయామ్మా?" అని ఒకే ప్రశ్న అడిగారు. ఆ మనిషికి నేను చచ్చేదాకా దండం పెడతాను. జీబీఎస్ అన్నారు, గులియన్ బారే సిండ్రోమ్, 1916లో ఫ్రాన్స్ డాక్టర్లు దీని గురించి రాశారంట. కడుపులోకో గొంతులోకో వచ్చిన ఇన్ఫెక్షన్ మీద పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థ పొరబడి నరాల పైపొరనే తినేస్తది. కాళ్ళలో మొదలై పైకి పాకుతది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే ప్రమాదం, ముగ్గురు నలుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరం పడొచ్చన్నారు. వెన్నులో నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు, ఐవీఐజీ ఎక్కించారు, అంటే దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు. కిలోకి 2 గ్రాముల లెక్కన నా 60 కిలోలకి 120 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 24, ఐదు రోజులు. గాజులు, నానుతాడు అమ్మేశాం. అదంతా ఇప్పుడు రాయను.

రోజుకి నాలుగైదు సార్లు ఒక పరీక్ష పెట్టేవాళ్ళు. గట్టిగా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. 20 దాటితే పర్లేదు, పది దగ్గరికి పడిపోతుంటే వెంటిలేటర్ కోసం గొంతులోకి గొట్టం వెయ్యాల్సిందే. నేను క్లాసులో సీస పద్యం పాదం ఒక్క ఊపిరిలో లాగి వినిపించేదాన్ని, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. చేరిన రోజు 27 దాకా వచ్చింది. తర్వాత రోజూ తగ్గుకుంటూ పోయింది.

ఇక ప్లేయర్ సంగతి. ఐసీయూలో నన్ను పిచ్చెక్కించింది నొప్పి కంటే చప్పుడు. మానిటర్ల బీప్‌లు, పక్క బెడ్ ఆయనకి కఫం లాగే మిషన్, అర్ధరాత్రి ట్రేలు పడేసే శబ్దం. కళ్ళు మూసుకోగలం, చెవులు మూసుకోలేం కదా, నాకైతే చేతులు కూడా లేవట్లేదు. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, ముందు తన ఫోనూ, చెవిలో పెట్టుకునే బ్లూటూత్ బడ్సూ తెచ్చింది. లోపలికి ఫోన్ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నా నాకు పనికొచ్చేది కాదు, తెర మీద వేలు సరిగ్గా ఆనించి జరిపే శక్తి ఎక్కడిది? బడ్స్ అయితే తల పక్కకి తిప్పగానే దుప్పట్లో పడిపోతాయి, నాలుగైదు గంటలకి ఛార్జింగ్ అయిపోతది, ఎవరు వెతికి పెడతారు. తలమీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లకి స్పాంజి ఉంటది, తుడవడానికి కుదరదు, ఇన్ఫెక్షన్ అని సిస్టర్లు వద్దన్నారు, పైగా పక్కకి ఒత్తిగిల్లలేం. మా వదిన ఇంట్లో ఉన్న కారవాన్ తెమ్మంది, ఐదు వేల పాటలు ముందే వేసి ఉంటాయి, బటన్లు పెద్దవి, ముసలివాళ్ళకి ఇంట్లో చాలా మంచిది, కానీ అది స్పీకరు, పక్క మంచం వాళ్ళ మాటేంటి? చిన్న రేడియో కూడా చూశాం, ఆ గోడల మధ్య గరగర తప్ప ఏమీ పట్టలేదు.

చివరికి హైదరాబాద్ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. వాడి పాత ఐపాడ్ షఫుల్ తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా చిన్నది, వెనక క్లిప్పు, తెర లేదు, మధ్యలో గుండ్రటి బటను. 2017లోనే వాటిని తయారుచెయ్యడం ఆపేశారు. "పిన్నీ, ఇది చూడక్కర్లేదు, చెయ్యి తగిల్తే చాలు" అన్నాడు. అదీ మాట! నేనున్న స్థితిలో నాకు కావాల్సింది అంతే, కళ్ళతో పనిలేకుండా, వేళ్ళు సరిగ్గా పనిచెయ్యకపోయినా, అరచేతి అంచుతో నొక్కితే పాట మొదలవ్వాలి, మళ్ళీ నొక్కితే ఆగాలి. స్పిరిట్ దూదితో తుడిచి సిస్టర్ లోపలికి ఒప్పుకుంది. మంచం అంచు దుప్పటికి క్లిప్ చేసి, తీగ ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టారు. రెండో చెవి సిస్టర్ల పిలుపు వినడానికి వదిలెయ్యాలి. ఘంటసాలగారివీ, సుశీలమ్మవీ, జానకమ్మవీ, అన్నమయ్య కీర్తనలూ కలిపి 212 పాటలు.

ఒకటే సంగతి, ఛార్జింగూ ఇయర్‌ఫోనూ ఒకే కన్నంలో పెట్టాలి. ఛార్జింగ్‌లో ఉంటే వినలేం.

చేరిన ఆరో రోజు సాయంత్రం లెక్క 17. నేనే సిస్టర్‌తో ప్లేయర్‌కి ఛార్జింగ్ పెట్టమన్నా, ఆమె తీసుకెళ్ళి వాళ్ళ టేబుల్ మీద కంప్యూటర్‌కి తగిలించింది. రాత్రి పదికి 14. ఒంటిగంటకి 11. గొంతు ముక్కులోంచి వస్తోంది, ఉమ్ము మింగుడు పడట్లేదు. రెండున్నరకి 8. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ వచ్చి నా లెక్క విని, నా మొహం వంక కూడా చూడకుండా, నా మంచానికి ఇవతల నుంచి అవతలున్న కుర్రాడితో అన్నాడు: "ఇది తెల్లారేలోపు గొట్టం పడుద్ది. దీనివాళ్ళని లేపి డబ్బు సంగతి ఇప్పుడే మాట్లాడండి, రేపైతే ఏడుస్తారు."

ఇది. దీని. నేను ఇరవై ఏళ్ళు పిల్లలకి సర్వనామాలు చెప్పినదాన్ని. మహత్తు, అమహత్తు అని బోర్డు మీద రాసి, మనిషిని ఏమనాలి, వస్తువుని ఏమనాలి అని చెప్పినదాన్ని. కేసుని అన్నాడేమో, నిజమే అయ్యుండొచ్చు, కానీ కళ్ళు తెరుచుకుని వింటున్న మనిషి ముందు అన్నాడు. నేను అరవలేను. చెయ్యెత్తలేను. చెవిలో పాట ఉండుంటే ఆ మాట నా దాకా వచ్చేదే కాదు. బయట వరండాలో మా ఆయన కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాడని తెలుసు, ఆయన్ని ఇప్పుడు లేపి ఏం చెప్తారో అనే ఆలోచనతోనే ఊపిరి ఇంకా తగ్గినట్టనిపించింది. నాకొచ్చిన సీస పద్యం ఒకటి లోపల్లోపలే చదువుకోబోయా, యతి దాకా కూడా రాలేకపోయా. అమ్మా దుర్గమ్మా, నా పిల్లని చూడనివ్వు, నీ కొండ మెట్లెక్కి వస్తా అని మొక్కుకున్నా. ఆ గంట ఎంతసేపు నడిచిందో చెప్పడానికి నాకు మాటలు లేవు.

మూడు దాటాక గొట్టం వేశారు. వేసింది ఆయనే. సరైన టైంలో వేశారు, ఇంకాస్త ఆలస్యమైతే పరిస్థితి వేరేగా ఉండేదని తర్వాత పెద్ద డాక్టర్‌గారు చెప్పారు. ఆ మాటన్న నోరూ ఆయనదే, నన్ను బతికించిన చెయ్యీ ఆయనదే. ఈ రెండూ నాలో ఇప్పటికీ కలవట్లేదు.

తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నా. మొదటి రెండు రోజులు మత్తు, ఏం గుర్తులేదు. తర్వాత మెలకువ వచ్చింది, వళ్ళంతా రాయి, రెప్పలు మాత్రం కదులుతున్నాయి. అప్పుడు వచ్చింది రాత్రి డ్యూటీ సిస్టర్, శ్రీకాకుళం అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. జారిపోకుండా ఇయర్‌ఫోన్‌ని చెవి పక్కన ప్లాస్టర్‌తో అంటించింది. "అమ్మా, పాత పాటకి ఒకసారి రెప్ప ఆర్పండి, దేవుడి పాటకి రెండుసార్లు" అంది. పేర్లు మేమిద్దరం ఆ రోజు దాకా ఒకరివొకరం అడగలేదు. ఆమె డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్‌కి మందులతో పాటు ఇది కూడా చెప్పి వెళ్ళేది. చెల్లెలు కూడా చెయ్యదు అంత.

గొట్టం ఉన్నప్పుడు ఊపిరి మిషన్‌ది, నిమిషానికి అది ఎన్నిసార్లు ఊదితే అన్నే. పాట మాత్రం నాది. అక్కడ కిటికీ లేదు, గడియారం నాకు కనపడదు, రాత్రో పగలో తెలియదు. అందుకే షఫుల్‌లో పాటలు కలిపేసే మీట వాడనివ్వలేదు, వరసలోనే పెట్టించుకున్నా. పదిహేను పాటలంటే గంట. ముప్ఫై పాటలైతే సిస్టర్ వచ్చి ఒత్తిగిలి పడుకోబెడతది. ఇంకో ముప్ఫై తర్వాత మళ్ళీ. అలా తెల్లవార్లూ గడిపేదాన్ని. ఒక్కసారి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. మంచిదని ఎవరో పంపితే మా అమ్మాయి ఒక ప్రవచనం కూడా ఎక్కించిందంట, అర్ధరాత్రి పాట అయిపోగానే "ఈ శరీరం అశాశ్వతం" అని మొదలైంది. బటను నొక్కలేను, చెప్పలేను, రెప్పలు టపటపా కొడుతూ ఉన్నా ఎవరూ చూడలేదు, ఇరవై నిమిషాలు విన్నాను. తెల్లారాక తీసేయించా. దయచేసి ఎవరికీ ఇలాంటివి ఎక్కించొద్దు. కొత్త పాటలు కూడా వద్దు, బాగా నోటికొచ్చినవే పెట్టండి, సగంలో నిద్రపట్టినా మిగతాది మనసే పాడేసుకుంటది.

మా వదిన ఒకరోజు చూడ్డానికి వచ్చి, నాకు వినపడేలాగే మా అమ్మాయితో, "తల్లి ఇలా ఉంటే పాటలేంటే, నలుగురూ ఏమనుకుంటారు" అంది. మా అమ్మాయి ఏడుస్తూనే, "అత్తా, అమ్మకి అవొక్కటే వినపడుతున్నాయి" అంది. ఆ పిల్ల నా కడుపున ఎలా పుట్టిందో! వదినకీ నాకూ ఇప్పటికీ అంతంత మాత్రమే, కానీ ఆస్పత్రి డబ్బుకి లక్షన్నర సర్దింది కూడా ఆమే, అది రాయకపోతే తప్పవుద్ది.

గొట్టం తీశాక ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చారు, ఒక బంతి లేవడానికి నాలుగు రోజులు. కాళ్ళ మీద దుప్పటి తగిల్తే కారం రాసినట్టు మండేది. తిమ్మిరి పైకి ఎక్కడి దాకా ఎక్కిందో అక్కడి నుంచే దిగడం మొదలైంది. ఇరవై రెండో రోజు అనుకుంటా, మధ్యాహ్నం, చెయ్యి పక్కనే ప్లేయర్ ఉంది, బొటనవేలు దాని మీద పడేసి నొక్కా, ఊరికే, రోజూ చేసే ప్రయత్నమే. పాట ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయిందనుకున్నా. మళ్ళీ నొక్కా. వచ్చింది. మా ఆయన విజిటింగ్ టైంలో వస్తే మాట్లాడకుండా ఆయన చెయ్యి పట్టించుకుని నొక్కి చూపించా, ఆపా, పెట్టా, ఆపా, పెట్టా. ఆయన మంచం పట్టుకుని అలా నిలబడిపోయాడు.

47 రోజులకి ఇంటికొచ్చా, వీల్ చైర్‌లో. డిశ్చార్జి రోజు ఆ డ్యూటీ డాక్టర్ కనపడితే అడిగేశా, "ఆ రాత్రి మీరన్నది నేను విన్నాను బాబూ" అని. ఆయనకి గుర్తులేదు. మొహం పాలిపోయింది, "సారీ అమ్మా" అన్నాడు, వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. వద్దన్నా. కోపం పోయిందా అంటే పోలేదు. వాళ్ళకి చెప్పాల్సింది ఒకటే, పేషెంట్ మాట్లాడట్లేదంటే వినట్లేదని కాదు.

ఆర్నెల్లకి కర్ర పట్టుకుని నడిచా, ఏడాదికి ఇంద్రకీలాద్రి మెట్లెక్కా, ఆగాగి రెండున్నర గంటలు పట్టింది, అమ్మవారి ముందు నిలబడితే ఒక్క కోరికా గుర్తురాలేదు. 2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు ఒక్కసారిగా చాలామందికి వచ్చి వార్తల్లోకెక్కినప్పుడు ఫోన్లు వరసగా వచ్చాయి. అందరికీ చెప్పిందే ఇక్కడా చెప్తున్నా. కాళ్ళు తిమ్మిరెక్కి రోజురోజుకీ పైకి పాకుతుంటే ఇంట్లో కూర్చోవద్దు, అదే రోజు న్యూరాలజీ డాక్టర్ దగ్గరికెళ్ళండి, ఐవీఐజీ గానీ ప్లాస్మా మార్పిడి గానీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, దీనికి స్టెరాయిడ్లు పనిచెయ్యవు. పాటలకైతే బటనున్న ప్లేయర్, తీగ ఇయర్‌ఫోను, ఒక్క చెవికే, సౌండ్ తక్కువ, తీగ మాత్రం సెలైన్ గొట్టాల్లో చిక్కుకోకుండా దిండు పక్క నుంచి వెయ్యండి. అలాంటివే వేరే ఎంపీ త్రీ ప్లేయర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ఛార్జింగ్ పెడుతూ వినగలిగేది తీసుకుంటే ఇంకా మంచిది. ముందు కొని ఇంట్లోనే కళ్ళు మూసుకుని, పిడికిలి బిగించి, పిడికిలి అంచుతో నొక్కి చూడండి.

పాదాల్లో తిమ్మిరి ఇంకా ఉంది, సాయంత్రమైతే ఎక్కువ. మొన్న సీస పద్యం పాదం ఒక్క ఊపిరిలో చదివా, తొమ్మిదో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు, వాళ్ళకేం తెలుసు.

ఆ ఫోన్ చేసిన అమ్మాయికి నా ప్లేయరే ఇచ్చి పంపించా, వాళ్ళమ్మగారికి ఇష్టమైన పాటలు ఎక్కించి. నిన్న మెసేజ్ పెట్టింది, వాళ్ళమ్మగారు ఇంకా గొట్టం మీదే ఉన్నారంట, పాత పాటలకి ఒకసారి రెప్ప ఆర్పుతున్నారంట.