పెట్టె మూత తీయని రోజులు

మా ఇల్లు కోనసీమలో, ఒక కొబ్బరి తోట అంచున ఉంది. రెండేళ్ల క్రితం సంక్రాంతి వెళ్లిన వారానికి మా పెరట్లోకి తేనెటీగల పెట్టె వచ్చింది. కావాలని అడిగింది మా అమ్మాయి. అప్పటికి తనకు తొమ్మిదేళ్లు. సరేనన్నది నేను, రాత్రంతా నిద్ర పట్టక దొర్లిందీ నేనే. నా చిన్నప్పుడు మా ఊరి నీళ్ల ట్యాంకుకు పట్టిన తుట్టె ఒకటి కదిలి, పొలం నుంచి వస్తున్న మా చిన్నాన్నను కమ్ముకుంది. ముఖమంతా వాచిపోయి ఆయన మూడు రోజులు కళ్లు తెరవలేకపోయారు. అది నా కళ్ల ముందు నుంచి ఎన్నడూ పోలేదు.

ట్యాంకులకూ రావిచెట్లకూ ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెట్టేవి కొండ తేనెటీగలనీ, వాటిని పెట్టెలో పెంచడం కుదరదనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెట్టెలో ఇమిడేవి చెట్టు తొర్రల్లోనూ పాత పుట్టల్లోనూ, చీకట్లో, పక్కపక్కనే అనేక పట్లు కట్టుకునే మన నాటు తేనెటీగలు. ఇవి ఒంటికి చిన్నవి, స్వభావానికి నెమ్మదైనవి. వీటికంటే ఐరోపా జాతి ఈగలు ఎక్కువ తేనె పెడతాయి కానీ, మాకు కావలసింది తేనె వ్యాపారం కాదు గనుక నాటు ఈగలే చాలనుకున్నాము.

పెట్టె ఇచ్చినది మా మండలంలోనే ఉండే ఒక పెద్దాయన. 1991-92 ప్రాంతంలో దక్షిణాది రాష్ట్రాలలో నాటు తేనెటీగలను ఊడ్చిపెట్టిన థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వల్ల తన పెట్టెలన్నీ ఖాళీ అయిపోతే, కొన్నేళ్లు ఆగి, తొర్రల్లోంచి మళ్లీ ఈగలను పట్టి తెచ్చి మొదలుపెట్టిన మనిషి ఆయన. ఎనిమిది ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) పెట్టెను తూర్పు ముఖంగా, మనుషులు నడిచే దారికి దూరంగా, కొబ్బరి నీడలో పెట్టించారు. చీమలు ఎక్కకుండా స్టాండు నాలుగు కాళ్లనూ నీళ్లు పోసిన గిన్నెల్లో నిలబెట్టారు. ఆ గిన్నెల సంగతి అప్పుడు నాకు చిన్న విషయంగా కనిపించింది.

మా జాగ్రత్తలు మేమూ తీసుకున్నాము. పిల్లను ముందే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, కుట్టినచోట వాపు రావడం మామూలేననీ, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలనీ చెప్పించుకున్నాను. మా వీధి దర్జీ పాత టోపీ చుట్టూ నల్ల దోమతెర గుడ్డ కుట్టి తనకు సరిపోయే ముసుగు తయారుచేశాడు. ఈగలను శాంతపరిచే పొగ డబ్బాలోకి కొబ్బరి పీచు మా పెరట్లో కావలసినంత ఉంది.

మొదటిసారి కుట్టింది తననే, మణికట్టు మీద. నా గుండె ఆగినంత పనైంది. కూలి ఈగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లుంటాయి కనుక అది మన చర్మంలోనే ఉండిపోతుంది, ఈగ ఎగిరిపోయిన తరువాత కూడా విషపు తిత్తి కొట్టుకుంటూ విషాన్ని లోపలికి ఎక్కిస్తూనే ఉంటుంది. ఆ చిన్న తెల్లటి తిత్తి అదరడం నేను కళ్లారా చూశాను. గోటితో గీకి వెంటనే తీసేశాను. అప్పుడే సన్నగా, బాగా మగ్గిన అరటిపండు వాసన వచ్చింది. తక్కిన ఈగలకు అది ప్రమాదం ఉందని చెప్పే వాసన. అందుకే పెట్టె దగ్గరికి వెళ్లేముందు అరటిపండు తినకూడదంటారు. పెద్దాయన చెప్పినట్టు ఆ చోట కాస్త పొగ పట్టి, పిల్లను నెమ్మదిగా దూరం తీసుకువచ్చాను. తను కళ్లనీళ్లు తుడుచుకుని, "ఆ ఈగ చచ్చిపోతుందా నాన్నా?" అని అడిగింది. అవునని చెప్పడం నాకు కష్టమైంది.

ఆ మర్నాటి నుంచి తను ఒక నోట్సు పెట్టుకుంది. బడికి వెళ్లేముందు పెట్టెకు ఒక పక్కగా పీట వేసుకుని కూర్చుని, ఐదు నిమిషాలలో ఎన్ని ఈగలు కాళ్లకు పుప్పొడి ముద్దలతో లోపలికి వెళుతున్నాయో లెక్కపెట్టి రాసేది. ముద్దల రంగు కూడా రాసేది. చెట్టు కింద రాలిన కొబ్బరి పూలను వేళ్ల మధ్య నలిపి, ఆ లేత పసుపునూ ఈగ కాలి మీది పసుపునూ పోల్చి చూసుకునేది. పుప్పొడి వస్తున్నదంటే లోపల పిల్ల పురుగులకు మేత అందుతున్నదని, అంటే రాణి ఈగ గుడ్లు పెడుతున్నదని అర్థం. మూత తీయకుండానే ఇంత తెలుస్తుంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. బయట కూర్చుని చూసే ఓపిక నా భయానికి లేకపోయింది. రాణి ఉందో లేదో, మైనపు పురుగు పట్టిందో ఏమోనని రెండు వారాలలో తొమ్మిదిసార్లు పెట్టె తెరిచాను. పిల్ల పురుగులు పెరిగే గది 34-35 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. నేను మూత తీసిన ప్రతిసారీ ఆ వేడిని మళ్లీ నిలబెట్టుకోవడానికి అవి పని మానుకుని పాటుపడవలసి వచ్చేది. పైగా నా ధ్యాసంతా లోపలే ఉండటంతో కింద ఒక గిన్నెలో నీళ్లు ఎండిపోయిన సంగతి గమనించలేదు. చీమలు ఎక్కాయి. మార్చి మొదటి వారంలో మా అమ్మాయి నోట్సు తెచ్చి, "మూడు రోజుల నుంచి పసుపు ముద్దలు రావడం లేదు నాన్నా" అంది. ఎండ వల్ల కావచ్చునన్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం పట్టు లేచిపోయింది. హోరు విని బయటికి వచ్చేసరికి ఈగలన్నీ కొబ్బరి మొవ్వుల పైనుంచి కాలువ వైపు నల్లటి ముసురులా సాగిపోతున్నాయి. లోపల ఖాళీ పట్లు మిగిలాయి.

ఫోనులో పెద్దాయన కోప్పడలేదు. "రోజూ తలుపు తీసి తొంగిచూస్తుంటే ఎవరికి మాత్రం కాపురం చేయబుద్ధేస్తుందండీ?" అన్నారు. నాటు ఈగలకు ఆ స్వభావం ఎక్కువ. చోటు నచ్చకపోతే ఉన్నదంతా వదిలి వెళ్లిపోతాయి. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం, తొమ్మిదేళ్ల పిల్ల మూడు రోజుల ముందే సరిగ్గా చెప్పినా నేను వినిపించుకోకపోవడం. ఆ మాట తనతోనే చెప్పి, క్షమించమని అడిగాను.

వానలు వెళ్లాక నవంబరులో రెండో పెట్టె వచ్చింది. ఈసారి మూత ఎప్పుడు తీయాలో తన నోట్సు చెబుతుంది. పుప్పొడి లెక్క నిలకడగా ఉన్నంతవరకు పదిహేను, ఇరవై రోజులకొకసారి, ఎండ బాగా ఎక్కకముందు, పది నిమిషాలకు మించకుండా చూస్తాము. గిన్నెల్లో నీళ్లు పోయడం నా పని, పొగ పట్టడం తన పని. చేతులకు ఒక నిర్ణీతమైన పని ఉన్నప్పుడు నా వణుకు తగ్గుతుంది. పూర్తిగా పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు. అది ఉన్నందువల్లనే ఫ్రేమును దించేటప్పుడు ఒక్క ఈగ కూడా నలగకుండా అంత నెమ్మదిగా దించగలుగుతున్నాను.

మొన్న మార్చిలో మొదటిసారి ఫ్రేమును తన చేతికిచ్చాను. నిలువుగా పట్టుకుని నిలబడింది. ఈగలతో కిక్కిరిసిన పట్టు మీద ఒక ఈగ పొట్ట ఆడిస్తూ కొంచెం దూరం నేరుగా పైకి నడిచి, చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చి, మళ్లీ పైకి నడుస్తున్నది. చుట్టూ ఉన్న నాలుగైదు ఈగలు దాని వెంటే తిరుగుతున్నాయి. పూలు ఎటువైపు ఉన్నాయో తోటి ఈగలకు చెప్పే నాట్యం అది. దాని భాషను విప్పిచెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. చీకటి పట్టు మీద నేరుగా పైకి నడిస్తే, బయట సూర్యుడున్న దిక్కుకు వెళ్లమని అర్థం. మా అమ్మాయి ఫ్రేము కదలకుండా తల మాత్రం తిప్పి ఎండ వైపు చూసింది. "కాలువ అవతలికి నాన్నా" అంది గుసగుసగా.

మూత పెట్టేసి, ముసుగులు విప్పి, ఇద్దరమూ వంతెన దాటి వెళ్లాము. గట్టు మీద నేరేడు చెట్టు ఒకటి నిండుగా పూసి ఉంది. కిందికి వెళ్లి నిలబడితే చెట్టంతా హోరుమంటున్నది. ఆ రోజు లెక్క పక్కన తను "నేరేడు" అని రాసి కింద గీత గీసుకుంది.