‘దోజ్ ఆఫ్’ అంటే మన ‘వాటి’నే

ఈ వేసవికి పిల్లను తీసుకుని కందుకూరు దగ్గర మా పల్లెకు వెళ్లాను. పాపకు పదేళ్లు, పుట్టిందీ పెరిగిందీ టెక్సాస్‌లోనే. సెలవుల్లో రోజుకో పేజీ ఇంగ్లీషులో డైరీ రాయమన్నారట స్కూల్లో, రోహిణి కార్తె ఎండలు చల్లబడ్డాక సాయంత్రం అరుగు మీద కూర్చుని రాసేది.

మా పెదనాన్న వాళ్ల కొట్టంలో ఒంగోలు ఎద్దుల జత ఉంది. ఒకరోజు వాటి గురించి రాసింది: ‘ద హార్న్స్ ఆఫ్ ఒంగోల్ బుల్స్ ఆర్ షార్టర్ దాన్ దోజ్ ఆఫ్ టెక్సాస్ లాంగ్‌హార్న్స్.’ అంటే ఒంగోలు ఎద్దుల కొమ్ములు టెక్సాస్ లాంగ్‌హార్న్స్ అనే పొడుగు కొమ్ముల పశువుల వాటికంటే పొట్టివని. ఆ ‘దోజ్ ఆఫ్’ దగ్గర ఆగిపోయాను. తెలుగు మీడియంలో చదువుకుని వెళ్లినదాన్ని, ఇన్నేళ్లు అక్కడ ఉద్యోగం చేశాక కూడా నేనైతే ‘షార్టర్ దాన్ టెక్సాస్ లాంగ్‌హార్న్స్’ అనే రాసేదాన్ని. అలా రాస్తే కొమ్ముల్ని కొమ్ములతో కాకుండా మొత్తం పశువుతో పోల్చినట్టవుతుంది. మనకు ఈ తప్పు ఎందుకు దొర్లుతుందంటే, ‘నెల్లూరు ఎండలు ఒంగోలు కంటే ఎక్కువ’ అంటే తెలుగులో సరిపోతుంది, ఎండల సంగతే మాట్లాడుతున్నామని వినేవాళ్లకు తెలుసు, ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది. పాపే చెప్పింది, కొమ్ములైతే ‘దోజ్’, మూపురమైతే ‘దట్’, ఎదురుగా కనిపిస్తున్నా సరే అక్కడ ‘దిస్ ఆఫ్’ అనరని.

అదే పిల్ల ఆ మాట అమ్మమ్మకు తెలుగులో చెప్పబోయి, ‘ఈ ఎద్దుల కొమ్ములు మా ఊరి ఎద్దుల కొమ్ముల కంటే చిన్న కొమ్ములు’ అంది. మా అమ్మ దగ్గరికి తీసుకుని, “కొమ్ములు కొమ్ములని అన్నిసార్లు ఎందుకమ్మా, మా ఊరి ఎద్దుల వాటికంటే చిన్నవి అను” అంది. బడికి పోని మా అమ్మ నోట ‘దోజ్ ఆఫ్’ ఎంత తేలిగ్గా వచ్చిందో! మూపురమైతే ‘ఎద్దుదానికంటే’ అంటాం. ఒకటైతే ‘దాని’, ఎక్కువైతే ‘వాటి’, ఇంగ్లీషు లెక్కే ఇదీ. నేను ఇంట్లో పాపతో సగం ఇంగ్లీషులో మాట్లాడటం వల్లే ఈ చిన్న మాటలు దానికి అందలేదు, అందుకు చాలా బాధేసింది.

ఈ ఎద్దుల జాతిని బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరుతోనే ‘నెలోరె’ అంటారని చెబితే పాప నమ్మలేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదిగా మరి. అది కూడా డైరీలోకి ఎక్కింది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా నేర్పాల్సి వచ్చింది. ‘దట్’ అంటే ‘అది’ అని పట్టుకుని, వీధిలో వెళ్తున్న పెద్దావిడను చూపించి ‘అది ఎవరు?’ అని గట్టిగా అడిగేసింది. ఇంగ్లీషులో అమ్మమ్మను చూపించి ‘దిస్ ఈజ్ మై గ్రాండ్‌మదర్’ అంటే మర్యాదే, మన దగ్గర పెద్దవాళ్లను ‘ఇది’, ‘అది’ అంటే చిన్నబుచ్చినట్టే. ‘ఆయమ్మ ఎవరు అని అడగాలి’ అని మా అమ్మ మెల్లగా చెప్పింది, కోప్పడకుండా.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు అమ్మ చేపల పులుసు చేసింది. పాప రెండు ముద్దలు తిని నా వైపు తిరిగి, “అమ్మా, అమ్మమ్మ పులుసు నీదానికంటే పుల్లగా ఉంది, నాకు ఇదే ఇష్టం” అంది.