తెల్ల దారం

కిందటి వారం రంగు వేయమని ఇచ్చిన కుర్తా తెచ్చుకోవడానికి పొద్దున్నే పూర్ణా మార్కెట్ వైపు వెళ్లాను. తెల్ల కాటన్ కుర్తా, మరకలు పడితే ముదురు నీలం అద్దించాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే గుడ్డంతా నీలమే, కుట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. మెడ చుట్టూ, చేతుల అంచున, జేబు మీద సన్నగా తెల్ల చుక్కల వరస. కుట్టిన దారం పాలిస్టర్. కాటన్‌కి వేసే రంగు దానికి పట్టదు.

కుర్తా చేతిలో ఉండగానే బాబాయి సన్మాన పత్రం గుర్తొచ్చింది.

ఈ నెలాఖరుకి బాబాయి స్టీల్ ప్లాంట్‌లో రిటైరవుతున్నారు. వేరే రాష్ట్రాలవాళ్లు కూడా వస్తారని పత్రం ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఆ పని నాకు అప్పజెప్పారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న మాట వింటూ పెరిగిన మనిషి ఆయన. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ యూనియన్‌లోనే ఉన్నారు. ఇంట్లో చుట్టాలున్నా గేట్ మీటింగ్ మానలేదు. అలాంటి మనిషికి 'డైడ్ ఇన్ ది వూల్' (ఉన్నిలోనే రంగు పట్టినవాడు, అంటే ఎప్పటికీ మారని నమ్మకం ఉన్నవాడు) అన్న ఇంగ్లీషు మాట సరిగ్గా సరిపోతుందనిపించి నిన్న రాత్రి రాసేశాను.

ఇప్పుడు తీసి చూస్తే ఆ 'డైడ్'లో రెండో అక్షరం ఐ. అంటే చనిపోయిన అని అర్థం. గుండె ఝల్లుమంది. రేపు ఫ్రేము కట్టించాల్సిన కాగితం అది, నిండు సభలో చదువుతారు. అక్కడ వై ఉండాలి, రంగు వేసిన అని. చెవికి రెండూ ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. అందుకే ఇంత సులువుగా జారిపోయింది.

ఈ మాట అద్దకం పనిలోంచి వచ్చింది. ఉన్నిని వడికి నూలు చేయకముందే రంగులో ముంచితే ప్రతి పోగుకీ రంగు పడుతుంది. ఆ తర్వాత ఎలా వడికినా, ఎలా నేసినా లోపల తెల్లదనం బయటపడదు. నా కుర్తాకి జరిగింది దీనికి సరిగ్గా ఎదురు. అన్నీ అయ్యాక పైన రంగేశారు, కుట్లు తమ రంగు దాచుకోలేదు. ఇంగ్లీషువాళ్లు 16వ శతాబ్దం నుంచే ఈ మాటని మనుషులకీ వాడుతున్నారు. మనం 'నరనరానా ఉంది' అంటాం చూడండి, అదే.

నామవాచకానికి ముందు వస్తే మాటల మధ్య మూడు చిన్న గీతలు పెట్టాలి. అవీ పెట్టలేదు, ఇప్పుడు పెట్టాను. ఇంకొకటి, దీన్ని ఎక్కువగా నమ్మకాలకీ అలవాట్లకీ పార్టీలకీ వాడతారు, పొడుగు, ఛాయ లాంటివాటికి కాదు. పైగా ఇందులో 'ఎవరు చెప్పినా మారడు' అన్న ధ్వని కూడా ఉంటుంది, ఒక్కోసారి విసుగుతో అనే మాట. అదే భయమేసింది. పెద్దాయన్ని సభలో మొండివాడన్నట్టు ఉంటుందేమోనని పిన్నికి ఫోన్ చేశాను.

అంతా విని పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ బాబాయి మొండోడే కదే. ఆ మొండితనం వల్లే ఎంతోమందికి ఉద్యోగాలు నిలబడ్డాయి. రాసీ" అంది.

ఐ తీసి వై పెట్టాను. రేపు ద్వారకా నగర్‌లో ప్రింట్ తీయించేముందు కాగితం మీద ఇంకోసారి చూసుకోవాలి. వచ్చేటప్పుడు నీలం దారం రీలు ఒకటి కొనాలి.