కోటు లోపలి వేడి

నేను ఉత్తర చెన్నైలో ఒక ఫ్యాక్టరీ ఫైర్ సిబ్బందిలో పనిచేస్తాను. కత్తిరి ఎండల్లో ప్రహరీ అవతల ఖాళీ స్థలంలో గడ్డి, సీమతుమ్మ అంటుకుంటే ఆర్పడానికి వెళ్లాం. మాకున్నది ఒకటే డ్రెస్సు, బిల్డింగు మంటల్లోకి వెళ్లేటప్పుడు వేసుకునే మూడు పొరల సూటు. మంట పెద్దదేం కాదు. కానీ కొమ్మలు నరుకుతూ, గొట్టం లాగుతూ గంట దాటిపోయింది.

ముందు తల దిమ్మెక్కింది, తర్వాత పిక్కలు పట్టేశాయి. పక్కనున్న నెల్లూరు కుర్రాడు ఏదో అడిగితే సంబంధం లేని జవాబు చెప్పానట. చెమటలు కారిపోతున్నాయి కదా, వడదెబ్బ కాదులే అన్నాడట సూపర్‌వైజరు. వడదెబ్బంటే ఒళ్లు పొడిబారాలని చాలామంది నమ్మకం. ఒళ్లు వంచి పనిచేస్తూ పడిపోయేవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. మాట తికమకైతే మాత్రం ప్రమాదమే. ఆ కుర్రాడు "అన్నా, ముందు కోటు తియ్యి" అంటూ తనే లాగేసి, చేతిలో ఉన్న గొట్టంతో నన్ను నిలువునా తడిపాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. నేను బతికింది అందువల్లేనని తర్వాత డాక్టరమ్మ చెప్పారు.

అంత తడిపినా ఆస్పత్రికి చేరేసరికి ఒంటి వేడి 40 డిగ్రీల పైనే ఉంది. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వచ్చినదంతా కిడ్నీల మీద పడుతోందన్నారు. సెలైన్లు వరసగా ఎక్కించి, రోజూ రక్తంలో సీపీకే (కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది) చూశారు. జ్వరం మాత్ర ఎందుకివ్వరని మా ఆవిడ గొడవపడితే, ఇది జ్వరం కాదమ్మా, పారాసిటమాల్ దీనికి పనిచెయ్యదు అన్నారు. డయాలసిస్ మాట వినపడ్డప్పుడు మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ అవసరం రాలేదు.

ఇంటికొచ్చి మంచంలో ఉన్నప్పుడు ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. అడవి మంటలు ఆర్పేవాళ్ల మీద ఆస్ట్రేలియాలో 1980లలో ప్రాజెక్ట్ అక్వేరియస్ పేరుతో పరిశోధన జరిగింది. వాళ్ల ఒంటి మీద పడే వేడిలో మూడింట రెండు వంతులు సొంత కండరాలు పుట్టించేదేనట. మంట, ఎండ కలిసి ఇచ్చేది మిగతా వంతే. కాబట్టి వాళ్ల బట్టలు బయటి వేడిని ఆపడం కన్నా లోపలి వేడిని పోనివ్వడం ముఖ్యమని తేల్చారు. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అదే చెమట కారి బూట్లలోకి దిగితే ఒరిగేదేమీ లేదు. నా సూటులో మధ్య పొర ఉన్నదే నీళ్లు లోపలికి రాకుండా. అది చెమట ఆవిరినీ సరిగా వదలదు. దానికి తోడు చెన్నై ఉక్కపోత!

కోలుకోవడం నత్తనడకే. మెట్లెక్కితే తొడలు వణికేవి, స్టవ్ దగ్గర నిలబడితే కళ్లు తిరిగేవి. సీపీకే దిగాకే డ్యూటీకి పంపారు, అదీ నీడపట్టున. ఎండకు ఒంటిని మళ్లీ అలవాటు చెయ్యడానికి రోజూ కొంచెం పెంచుతూ నడిచాను.

గడ్డి మంటలకు ఇప్పుడు వేరే కవరాల్ ఇచ్చారు. ఒకే పొర, వదులుగా, తేలిగ్గా అంటుకోని కాటన్. ముళ్లు గుచ్చుకుంటున్నాయని కుర్రాళ్లు సణుగుతున్నారు. మూడు పొరల సూటు నేనింకా ముట్టుకోలేదు. వచ్చే డ్రిల్లులో వేసుకోవచ్చన్నారు డాక్టరమ్మ, పావుగంటకోసారి విప్పి నీడలో కూర్చోవాలన్న షరతు మీద.