ఎనిమిది అణాల తప్పు

మా తాతయ్య నవల మళ్ళీ అచ్చయి పదిహేను రోజులైంది. సంతోషం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

1952లో తెనాలిలో అచ్చయిన పుస్తకం. గుంటూరు వైపు ఒక రైతు వర్జీనియా పొగాకు మోజులో పడి, ఆకు కాల్చే బ్యారన్ ఒక్కదాన్ని నాలుగు చేసి, ప్రోనోట్ల మీద ప్రోనోట్లు రాసి, రేటు పడిపోయిన ఏడాది దివాలా తీసి ఐపీ పెట్టే కథ. పేరు చెప్పను, అమ్ముకోవడానికి రాశాననుకుంటారు.

మా ఇంట్లో ఉన్న కాపీలో చివరి పదహారు పేజీలు లేవు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో దొరికాయి. తాతయ్య 1974లో పోయారు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు లెక్క కాబట్టి 2034 చివరిదాకా హక్కులు మా కుటుంబానివే. వారసులు ఏడుగురం సంతకాలు చేయాలి. ఒక బాబాయి నాలుగు నెలలు "చూద్దాంలేరా" అన్నాడు. చివరికి పెట్టాడు, ఆయన సంగతి వదిలేద్దాం. ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. ఇప్పిస్తామంటూ డబ్బులడిగే వాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇక అసలు కథ. పద్నాలుగో ప్రకరణంలో రైతు దగ్గరి గుమాస్తా రాసిన చిట్టాలో ఒక పేజీ ఉన్నదున్నట్టు వేశారు తాతయ్య. ఖర్చులు నాలుగు, రూపాయలు-అణాలు-పైలుగా: 124-6-9, 87-12-0, 231-4-6, 64-9-3. డీటీపీ కుర్రాడు వీటిని 124.69, 87.120 చేసి పంపాడు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, 1957లో కొత్త పైసలు వచ్చేదాకా ఇదే లెక్క అని చెబితే, "అంకుల్, ఇప్పుడెవరికి తెలుసు, పాయింట్ పెట్టేద్దాం" అన్నాడు. మూడుసార్లు దిద్దించాను.

మూడోసారి, అలవాటు కొద్దీ, మొత్తం కూడాను. బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్ళు చేసినవాణ్ణి. టోటల్ కలవకపోతే ఇంటికి వెళ్ళకుండా కూర్చున్న రాత్రులు ఎన్నో, మా మేనేజర్లే నన్ను పిలిచి లెడ్జర్లు చూపించేవారు. కూడితే 508-0-6 వచ్చింది. పుస్తకంలో 508-8-6 అని ఉంది. మళ్ళీ కూడాను, అంతే. పాపం, కంపోజిటర్ సున్నా బదులు ఎనిమిది పేర్చాడు, డెబ్బై ఏళ్ళుగా ఎవరూ చూడలేదు, నేను పట్టుకున్నాను అనుకున్నాను. దిద్దేశాను. పేజీకి ఇంత అని డబ్బు తీసుకున్న ప్రూఫు పండితుడు కూడా "భలే పట్టారండీ" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి రెండుసార్లు చెప్పుకున్నాను.

మూడు వందల కాపీలు వచ్చాయి, కొన్ని పంచాను. వారానికి తెనాలి నుంచి ఫోను. ఎనభై దాటిన గొంతు.

"బాబూ, చిట్టా పేజీలో మొత్తం మార్చావా?"

"అవునండీ, పాత పుస్తకంలో తప్పు పడింది."

"తప్పు కాదయ్యా. గుమాస్తా దొంగ. పదిహేడో ప్రకరణం చదివావా నువ్వు?"

చదివానండీ, నాలుగుసార్లు చదివాను. ఒత్తుల కోసం, దీర్ఘాల కోసం, అరసున్నల కోసం చదివాను. కథ కోసం చదవలేదు. ఫోను పెట్టేసి తీశాను. అన్నీ పోయాక ఒక రాత్రి రైతు లాంతరు ముందు కూర్చుని పాత చిట్టాలు కూడతాడు. తాతయ్య రాసింది రెండే మాటలు: "పుటకొక అర్ధరూపాయి." అంతకుమించి వివరణ లేదు. పద్నాలుగులో కూడిక వేసి చూసిన పాఠకుడికి అప్పటికే తెలిసి ఉంటుంది, వేయనివాడికి ఇక్కడ గుండె జారుతుంది. అర్ధరూపాయంటే ఎనిమిది అణాలు. గుమాస్తా దొంగతనం కనిపించే ఒకే ఒక్క చోటు ఆ పేజీ. దాన్ని నేను శుభ్రంగా తుడిచేశాను.

పాత పుస్తకం వేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, తప్పు కనిపించినా ముట్టుకోకండి. అంతగా మనసొప్పకపోతే అడుగున నోటు పెట్టండి. ప్రూఫులకు పండితుల్ని పెట్టకండి, కథ అంటే చెవికోసుకునే ముసలాయన ఒక్కరు చాలు.

తప్పొప్పుల చీటీ అచ్చు వేయించాను. మిగిలిన నూట డెబ్బై కాపీల్లో నేనూ మా ఆవిడా మైదాపిండి జిగురుతో అంటించాం. ఆవిడ ఒక్క మాటా అనలేదు, మధ్యలో ఒకసారి మాత్రం "భలే పట్టారండీ" అంది. పంచిన కాపీలకు చీటీలు పోస్టులో పంపుతున్నాను. చట్ట ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి పంపిన కాపీలోనూ నా టోటలే ఉంది. వాళ్ళకీ ఒక చీటీ, ఒక ఉత్తరం పంపాను. ఇంకా జవాబు రాలేదు.