హీత్రో నుంచి గాట్విక్‌కి రన్నింగ్ టైమ్ ఎంత?

హైదరాబాద్ నుంచి లండన్‌లోని హీత్రో దాకా హాయిగా నిద్రపోయాం, దాని గురించి రాయడానికేమీ లేదు. అసలు ప్రయాణం దిగాక మొదలైంది. పోర్చుగల్‌లోని పోర్టో వెళ్లే చవక విమానం లండన్‌కే ఉన్న ఇంకో ఎయిర్‌పోర్టు గాట్విక్ నుంచి. మ్యాపులో గీత గీస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 40 కిలోమీటర్లు. రోడ్డు మీద 65 దాటుతుంది. రెండు టికెట్లూ వేరు కాబట్టి ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ అక్కడ ఇవ్వాలి.

నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. "కిలోమీటర్లు నాకెందుకమ్మా, రన్నింగ్ టైమ్ చెప్పు" అన్నారు. కోచ్ బస్సు టికెట్ మీద గంటా పావు అని ఉంది. ధర మాత్రం ఆయనకు చెప్పలేదు.

ఎం25 ఎక్కి, రన్నీమీడ్ దగ్గర థేమ్స్ దాటేదాకా బాగానే సాగింది. తర్వాత కార్ల వరస కదల్లేదు. ఎం25 అంటే లండన్ చుట్టూ 188 కిలోమీటర్ల రింగు రోడ్డు. మన ఓఆర్‌ఆర్ 158. కానీ శంషాబాద్ వెళ్లేటప్పుడు ఓఆర్‌ఆర్ మీద నాకెప్పుడూ ఇంత టెన్షన్ పడలేదు.

పక్క సీట్లో ఒక పెద్దాయన. గాట్విక్‌లో కార్గో పని చేసేవారట. నేను వాచీ చూసుకోవడం గమనించి, "ఒకప్పుడు ఇది పదిహేను నిమిషాల ప్రయాణం" అన్నారు. నేను నమ్మలేదు. 1978 నుంచి ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య హెలికాప్టర్ తిరిగేదట, ప్రయాణికులు టికెట్ కొనుక్కుని ఎక్కేవారట. కింద ఊళ్లవాళ్లు చప్పుడు భరించలేమని గొడవ చేశారు. ఎం25 ఇక్కడిదాకా రాగానే, ఇక రోడ్డు ఉంది కదా అని 1986లో ఆపేశారు. నేను అనువదించి చెబుతుంటే నాన్న కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. "రోడ్డేస్తే సరిపోతుందా? ఆ రోడ్డు మీద టైముకి బండి నడవాలి కదా!" అన్నారు. ఆ మాట ఇంగ్లిషులో చెప్తే పెద్దాయన గట్టిగా తలూపారు.

నాకు కోపం వచ్చింది. 2008లో శంషాబాద్ తెరిచాక బేగంపేటకి ప్రయాణికుల విమానాలు ఆపేశారు, ఇలా రెండింటి మధ్య పరుగెత్తే అవస్థ మనకు లేదు. రెండూ ఉంచుకున్నవాళ్లు వాటి మధ్య నేరుగా ఒక రైలు వేయొద్దా? ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ ఈ రోడ్డునే నమ్ముకోవాలి.

ఎం23 మీదకు తిరిగాక బండి వేగం అందుకుంది. రెండు గంటల పది నిమిషాలకు గాట్విక్‌లో దిగాం. బ్యాగేజీ కౌంటర్ మూసేలోపు చేరాం.

తిరుగు ప్రయాణానికి నాన్నే రూటు వేశారు: గాట్విక్ నుంచి థేమ్స్‌లింక్ రైల్లో ఫారింగ్డన్, అక్కడ మారి ఎలిజబెత్ లైన్‌లో హీత్రో. దూరం ఎక్కువే, లండన్ మధ్య నుంచి చుట్టి రావాలి. అయినా గంటన్నర అంటే దాదాపు గంటన్నరే పట్టింది. హీత్రో చేరాక టీ తాగడానికి కూడా తీరిక దొరికింది.