సూదికీ స్కాన్‌కీ మధ్య మూడు గంటలు

ఈ రోజు అమ్మని బోన్ స్కాన్‌కి తీసుకెళ్లాను. మూడు నెలలుగా నడుము నొప్పి తగ్గట్లేదు, ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. పొద్దున తొమ్మిదింటికి సూది, పన్నెండింటికి స్కాన్. ఈలోపు నీళ్లు బాగా తాగి, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్లాలి.

సూదికి ముందు కౌంటర్‌లో ఒక కాగితం చేతికిచ్చారు. రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు, చీమల బారులాంటి అక్షరాలు. "ఇక్కడ, ఇక్కడ, కిందొకటి" అని పెన్నుతో చూపించాడు ఆ అబ్బాయి. వెనకాల పదిమంది క్యూలో ఉన్నారు. అమ్మ నా మొహం చూసింది, సంతకం పెట్టమన్నాను, పెట్టేసింది.

"ఏం రాసుందే అందులో?"

"మామూలేనమ్మా, అన్ని చోట్లా ఉండేదే." నేనూ చదవలేదు.

"సూదిలో ఏం మందు?"

"ఎముకలు బాగా కనబడ్డానికి." అబద్ధం కాదు. తలుపు మీద 'న్యూక్లియర్ మెడిసిన్' అని ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. అణుబాంబు అనుకుని బీపీ పెంచుకుంటుందని నా టెన్షన్.

అమ్మ కునుకు తీస్తుంటే, ఫోన్‌లో ఎప్పుడో దాచుకున్న రిపోర్టు తెరిచాను. అమెరికా ప్రభుత్వం మనుషుల మీద చేయించిన రేడియేషన్ ప్రయోగాల గురించి, క్లింటన్ వేసిన కమిటీ 1995లో ఇచ్చింది. అలాంటి చోట కూర్చుని అది చదవాలనిపించడం ఏం బుద్ధో!

1945 మార్చిలో టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో ఎబ్ కేడ్ అనే నల్లజాతి సిమెంటు కార్మికుడికి రోడ్డు ప్రమాదం జరిగింది. చెయ్యీ కాలూ విరిగి మిలటరీ ఆసుపత్రిలో చేరాడు. ఏప్రిల్ 10న అతనికి 4.7 మైక్రోగ్రాముల ప్లుటోనియం, అంటే అణుబాంబులో వాడే రేడియోధార్మిక లోహం, ఎక్కించారు. బాంబు తయారుచేసే పనివాళ్ల ఒంట్లోకి ప్లుటోనియం పోతే ఎంత మూత్రంలో బయటికొస్తుంది, ఎంత ఎముకల్లో ఉండిపోతుంది అన్నది బాంబు ప్రాజెక్టు డాక్టర్లకి తెలియాలి. ఆ ప్రశ్నలో తప్పు లేదు, పనివాళ్ల క్షేమం కోసమే. దానికి జవాబు వెతికింది మాత్రం విరిగిన ఎముకలతో మంచాన పడి ఉన్న మనిషిలో. ఎముకలు సరిచేసింది సూది వేసిన తర్వాత, పరీక్షకి ముక్కలు తీసుకుంటూ. పదిహేను పళ్లు కూడా పీకారు. కాగితాల్లో అతని పేరు హెచ్‌పీ-12.

అలా 1947 దాకా మొత్తం 18 మందికి ఎక్కించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయనకి కడుపులో కేన్సర్ అనుకుని ఎక్కిస్తే, ఆపరేషన్‌లో అది అల్సర్ అని తేలింది. ఆయన ఇంకో ఇరవయ్యేళ్లు బతికాడు.

యుద్ధం రోజుల్లో ప్లుటోనియం అన్న మాటే రహస్యం, కాబట్టి రోగికి చెప్పలేకపోయాం అన్నారు. సరే, ఒప్పుకుందాం. మరి యుద్ధం అయిపోయాక? 1947 ఏప్రిల్ 17న అణుశక్తి కమిషన్‌లో ఒక కల్నల్ రాసిన మెమో ఉంది. మనుషుల మీద ప్రయోగాల ప్రస్తావన ఉండి, జనంలో చెడ్డపేరు తెచ్చేవీ, కోర్టు కేసులకి దారితీసేవీ బయటికి రాకూడదట, వాటి మీద 'సీక్రెట్' ముద్ర వెయ్యాలట. అందులో శత్రువు ఊసే లేదు. భయమల్లా లాయర్లంటే.

ఆ జులైలో, కాగితాల్లో క్యాల్-3 అని రాసుకున్న ఒకాయనకి ఎడమ కాల్లోకి ప్లుటోనియం ఎక్కించి, మూడు రోజులకి ఆ కాలు తీసేశారు. ఎముక కేన్సర్ అని. రోగికి చెప్పాం, ఒప్పుకున్నాడు అని కేస్ షీట్‌లో డాక్టర్లు రాసి సంతకాలు పెట్టారు. అందులో ప్లుటోనియం అన్న మాట లేదు. 1973లో ఆయన్ని మళ్లీ పిలిపించి మూత్రం పట్టి పరీక్షలు చేశారు, అప్పుడూ ఎందుకో చెప్పలేదు. తన మీద డాక్టర్లు ప్రయోగం చేశారని ఆయన అంటే, మానసిక జబ్బని రాశారు! ఐలీన్ వెల్సమ్ అనే విలేకరి, జంతు కళేబరాలు పూడ్చిన గోతుల గురించిన రిపోర్టులో ఈ ప్రయోగాల మీదున్న ఒక ఫుట్‌నోట్ పట్టుకుని, ఏళ్ల తరబడి వెతికి ఆయన ఇంటిదాకా వెళ్లేసరికి ఆయన పోయి ఏడాదైంది.

ఇక్కడికొచ్చేసరికి అమ్మ లేచి "బాత్‌రూమ్‌కి పోవాలే" అంది. నీళ్ల సీసా పట్టుకుని వెంట వెళ్లాను.

అమ్మకి సూదిలో ఇచ్చిన రేడియోధార్మిక మందు టెక్నీషియం, ఆరు గంటలకి సగమైపోతుంది. ప్లుటోనియంకి సగమవడానికి 24 వేల ఏళ్లు. రెండూ ఒకటి కాదు, నాకు తెలుసు. ఆ కాగితం చదవకపోవడం గురించే నా బాధ.

స్కాన్ అయ్యాక "ఈ పూట చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు" అన్నారు. అమ్మకి సరిగా వినిపించలేదు, నేను తలూపాను. సాయంత్రం మా వాడు స్కూల్ నుంచి వస్తూనే "అమ్మమ్మా!" అని ఉరికాడు. చెయ్యి పట్టి లాగేశాను. అమ్మ బిక్కమొహం వేసింది. ఇక తప్పక అంతా చెప్పాను: సూదిలో ఏముందో, తలుపు మీద ఏముందో, నేనేం చదవలేదో.

బీపీ ఏమీ పెంచుకోలేదు. "ఆరు గంటలకి సగమా?" అని వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది. "తొమ్మిది, మూడు, మళ్లీ రాత్రి తొమ్మిది... సరే, రేపు పొద్దున ఇడ్లీ నేనే తినిపిస్తా వాడికి. ఆ కాగితం జిరాక్స్ ఉంటే తెచ్చి చదివి పెట్టు."

రేపు అడగాలి, ఇస్తారో లేదో.